పిల్లలకి బయాలజీ నిజంగా వచ్చో రాదో తెలియాలంటే పరీక్ష ఎలా పెట్టాలి?

మేడమ్, మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: హైస్కూల్లో కొత్తగా చేరారు, తొమ్మిది, పది తరగతులకి బయాలజీ చెబుతున్నారు. స్లిప్ టెస్టుల్లో 20కి 17, 18 తెచ్చుకునే పిల్లలే లేపి నిలబెట్టి ఒక మాట అడిగితే బిక్కమొహం వేస్తున్నారు. అందుకని ఏడాది మొదట్లోనే జనరల్ బయాలజీ మొత్తం మీద ఒక పరీక్ష పెట్టి ఎవరికి ఎంత వచ్చో చూసుకోవాలనుకుంటున్నారు. బిట్లు ఇవ్వాలా, రాయించాలా, ఎన్ని ఇవ్వాలి అని అడిగారు. పాతికేళ్లకి పైగా ఇదే సబ్జెక్టు చెప్పి, పేపర్లు తయారు చేసి, దిద్దిన అనుభవంతో రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఎన్ని ప్రశ్నలు అనేది తర్వాత చూద్దాం. పేపర్లు దిద్దాక మీకేం తెలియాలి అన్నది ముందు తేల్చుకోండి. మార్కు ఎంతో తెలిస్తే చాలా, లేక ఆ పిల్లవాడు ఆ విషయం గురించి ఏమనుకుంటున్నాడో తెలియాలా? మీకు కావాల్సింది రెండోది అని మీ ప్రశ్నలోనే ఉంది. అలాంటప్పుడు పిల్లలు రాసిన తప్పులు కూడా మీకు ఉపయోగపడేలా పేపర్ ఉండాలి. తప్పు రాసినవాడి పేపర్ చూసి వాడు ఎందుకు తప్పు రాశాడో మీరు చెప్పలేకపోతే ఆ ప్రశ్న మీకు పనికిరాదు, తీసేయండి.

అసలు ఆ 18 మార్కులు ఎలా వస్తున్నాయో చూడండి. కిరణజన్య సంయోగక్రియను నిర్వచించండి అంటాం. ఆ నిర్వచనం పుస్తకంలో ఉంది, మనమే నోట్సులో దాని కింద గీత గీయించాం, ముందురోజు చదివించాం, వాడు దాన్ని దించేశాడు, మనం రెండు మార్కులు వేశాం. ఇందులో బయాలజీ ఎక్కడుంది? జ్ఞాపకశక్తిని పరీక్షించాం, అంతే. వాడికి అర్థమై కూడా ఉండొచ్చు, కానీ ఆ సంగతి మాత్రం ఈ జవాబులో కనపడదు.

సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం) వచ్చాక మన దగ్గర ఏడు విద్యా ప్రమాణాలు పెట్టారు కదా, విషయావగాహన, ప్రశ్నించడం, ప్రయోగాలు, సమాచార నైపుణ్యాలు, బొమ్మలు, అభినందించడం, నిజజీవిత వినియోగం అని. ఆలోచన చాలా మంచిది, నేను ఇప్పటికీ దాన్ని సమర్థిస్తాను. అయితే ప్రశ్నించడం అనే ప్రమాణానికి మన పేపర్లలో వచ్చే ప్రశ్న ఏమిటి? మీరు గుండె డాక్టరును కలిస్తే ఏయే ప్రశ్నలు అడుగుతారు? ఇది ఒక ఏడాది వచ్చింది, మరుసటి ఏడాదికి గైడుల్లోకి ఎక్కింది, ఇప్పుడు పిల్లలు ఆ నాలుగు ప్రశ్నల్ని కూడా బట్టీ పట్టి రాస్తున్నారు. ప్రశ్నలు అడగడం వచ్చా అని పరీక్షిస్తే ప్రశ్నల్నే కంఠతా పట్టేశారు. దీనికి బదులు ఎదురుగా కనిపించే ఒక విషయం ఇచ్చి చూడండి. ఒకే రకం మొక్కలు రెండు, ఒకటి ఎండలో, ఇంకోటి వేపచెట్టు నీడలో పెరిగాయి. నీడలో ఉన్నదాని ఆకులు వెడల్పుగా పల్చగా ఉన్నాయి, ఎండలో ఉన్నదాని ఆకులు చిన్నగా దళసరిగా ఉన్నాయి. ఇది చూశాక నీకొచ్చిన అనుమానాలు రెండు రాయి, అందులో ఒకదాన్ని ఎలా తేల్చుకుంటావో రాయి. ఇలాంటిది ఏ గైడులోనూ దొరకదు, రేపు దొరికినా మీరు మొక్కను మార్చి, పరిస్థితిని మార్చి మళ్లీ అడగొచ్చు.

ఇప్పుడు అసలు ప్రశ్నల సంగతికి వద్దాం. ఏ తరగతికైనా నేను మొదట ఇచ్చే ప్రశ్న చెట్టు బరువు గురించి. చింతగింజ వేలెడంత లేదు, దాన్నుంచి వచ్చిన చెట్టు కొన్ని టన్నులు ఉంటుంది, ఆ మాను బరువంతా ఎక్కడినుంచి వచ్చింది? తొమ్మిదో తరగతి వాళ్లకి కిరణజన్య సంయోగక్రియ సమీకరణం వచ్చు, కార్బన్ డయాక్సైడ్, నీరు, గ్లూకోజు, ఆక్సిజన్ అని బోర్డు మీద తప్పు లేకుండా రాస్తారు, అయినా ఈ ప్రశ్నకి ఎక్కువమంది రాసే జవాబు మట్టి, ఎరువు అని. గాలిలోంచి అంత బరువు వస్తుందంటే వాళ్లకి నమ్మబుద్ధి కాదు, ఎందుకంటే గాలికి బరువే ఉండదని వాళ్ల మనసులో ఉంది. అంటే అడ్డం పడుతున్నది బయాలజీ కాదు, ఫిజికల్ సైన్సులో రావాల్సిన విషయం ఒకటి అక్కడ ఆగిపోయింది. చూడండి, ఒక్క తప్పు జవాబు మీకు ఎంత చెప్పిందో. ఇది మన పిల్లల్లోనే ఉన్న లోపం అనుకోకండి, అమెరికాలో హార్వర్డ్, ఎంఐటీల్లో పట్టా తీసుకుని బయటికి వస్తున్నవాళ్ల చేతికి విత్తనం, దుంగ ఇచ్చి ఇదే ప్రశ్న అడిగితే అక్కడా చాలామంది తడబడ్డారు.

ఈ ప్రశ్న వెంటనే వాన్ హెల్మాంట్ ప్రయోగం ఇస్తే ఇంకా బాగుంటుంది. బ్రస్సెల్స్‌కి చెందిన ఈ శాస్త్రవేత్త ఒక కుండీలో సుమారు 90 కిలోల ఎండబెట్టిన మట్టి పోసి, రెండుంపావు కిలోల విల్లో మొక్క నాటి, ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు 76 కిలోలు దాటింది, మట్టి తగ్గింది మాత్రం 60 గ్రాముల లోపే. ఈ సంగతి ఆయన చనిపోయాక 1648లో అచ్చయింది. ఈ అంకెలు ఇచ్చి రెండు ప్రశ్నలు అడగండి. మట్టి నుంచే బరువు వచ్చింది అనేవాడికి ఈ అంకెలతో నువ్వేం జవాబు చెబుతావు? బరువంతా నీటి నుంచే వచ్చిందని హెల్మాంట్ అన్నాడు, ఆయన దేన్ని లెక్కలోకి తీసుకోలేదు? రెండో ప్రశ్నకి గాలి అని రాసిన పిల్లవాడికి నేను నిర్వచనం అడగను, అవసరం లేదు. చెట్టు ఎండు బరువులో కార్బన్, ఆక్సిజన్ రెండూ కలిపితే నూటికి తొంభై దాకా ఉంటాయి, నేల నుంచి వచ్చే ఖనిజాలు కొద్ది శాతమే అని తర్వాత క్లాసులో చెబితే అప్పుడు వాళ్లకి ఆ సమీకరణం అర్థమవుతుంది.

బిట్లా, రాయించడమా అన్నారు. రెండూ కావాలి, కానీ బిట్లు మన బిట్ పేపర్ పద్ధతిలో కాదు. బిట్టులో మూడు తప్పు ఆప్షన్లు ఎక్కడినుంచి తెస్తున్నాం అన్నదే అసలు విషయం. మనం సొంతంగా కల్పించి రాసినవి పిల్లలు చూడగానే కొట్టేస్తారు. ముందు ఒక సెక్షన్‌లో అదే ప్రశ్నకి జవాబు రెండు లైన్లలో రాయించండి, వాళ్లు రాసిన తప్పుల్లో ఎక్కువసార్లు వచ్చినవి మూడు ఏరుకోండి, వాళ్ల మాటల్లోనే ఆప్షన్లుగా పెట్టి ఇంకో సెక్షన్‌కి ఇవ్వండి. అప్పుడు ప్రతి ఆప్షన్ వెనకా నిజంగా ఒక పిల్లవాడి ఆలోచన ఉంటుంది, ఏ ఆప్షన్‌కి ఎంతమంది టిక్కు పెట్టారో లెక్కేస్తే క్లాసు మొత్తం ఎక్కడుందో తెలిసిపోతుంది.

దీనికి ఇంకో మెట్టు కలిపితే రెండంచెల ప్రశ్న అవుతుంది. మొదటి అంచెలో జవాబు, రెండో అంచెలో కారణం, రెండూ సరైతేనే మార్కు. ఆస్ట్రేలియాలో హాస్లమ్, ట్రీగస్ట్ అనే ఇద్దరు 1987లో సరిగ్గా కిరణజన్య సంయోగక్రియ, మొక్కల శ్వాసక్రియ మీదే హైస్కూలు పిల్లలకి ఇలాంటి పరీక్ష తయారు చేశారు. ఈ అంశానికి దీనికన్నా మంచి పద్ధతి నేను చూడలేదు. ఉదాహరణకి, మొక్కలు ఎప్పుడు శ్వాసిస్తాయి? రాత్రి మాత్రమే; పగలు మాత్రమే; రాత్రీ పగలూ ఎప్పుడూ; అసలు శ్వాసించవు. కారణం: పగలు కిరణజన్య సంయోగక్రియ జరుగుతుంది కాబట్టి శ్వాసక్రియ ఆగుతుంది, కిరణజన్య సంయోగక్రియ అంటేనే మొక్కల శ్వాసక్రియ, బతికున్న ప్రతి కణానికీ ఎప్పుడూ శక్తి కావాలి, మొక్కలకి ఊపిరితిత్తులు ఉండవు. ఎప్పుడూ అని టిక్కు పెట్టి కారణంలో కిరణజన్య సంయోగక్రియనే శ్వాసక్రియగా ఎంచుకునే పిల్లలు మీకు తప్పకుండా కనిపిస్తారు. మామూలు బిట్టు పేపర్లో వాళ్లకి మార్కు పడిపోయేది, వాళ్లకి ఏమీ తెలియదని మీకు తెలిసేదే కాదు. నాలుగు ఆప్షన్లున్న 20 బిట్లు గుడ్డిగా పెట్టినా సగటున 5 మార్కులు వస్తాయి, రెండంచెలతో ఆ బెడద చాలా మటుకు పోతుంది.

శ్వాస గురించే ఇంకో ప్రశ్న. మనం వదిలే గాలిలో ఏముంటుంది అంటే కార్బన్ డయాక్సైడ్ అనేస్తారు, అది తప్ప ఇంకేమీ లేనట్టు. సున్నపు తేటలోకి ఊది తెల్లగా మారడం చూశారు కదా, దాంతో ఆ అభిప్రాయం ఇంకా గట్టిపడుతుంది. పీల్చే గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం, వదిలే గాలిలో దాదాపు 16 శాతం, కార్బన్ డయాక్సైడ్ 0.04 నుంచి సుమారు 4కి పెరుగుతుంది. ఈ అంకెల్ని బిట్టుగా అడక్కండి, మళ్లీ బట్టీయే అవుతుంది. నీళ్లలో మునిగి ఊపిరి ఆగినవాడికి ఇంకొకడు నోట్లో నోరు పెట్టి గాలి ఊదుతాడు, వదిలే గాలిలో ఆక్సిజన్ లేకపోతే అది ఎలా పనిచేస్తుంది అని అడగండి. ఆలోచించేవాడు ఇక్కడ ఆగి తన అభిప్రాయాన్ని మార్చుకుంటాడు, పరీక్ష రాస్తూనే నేర్చుకుంటాడు.

ద్రవాభిసరణకి ఎండుద్రాక్ష ప్రయోగం అందరికీ వచ్చు కాబట్టి అది వద్దు, వంటింటికి వెళ్లండి. మాగాయకి చెక్కు తీసిన మామిడికాయ ముక్కలకి ఉప్పు, పసుపు పట్టించి జాడీలో పెడతారు, చుక్క నీరు పొయ్యరు, మూడో రోజుకి ముక్కలు ఊటలో తేలుతుంటాయి. ఆ ఊట ఎక్కడిది? ముక్క మెత్తబడి ఎందుకు వాడిపోయినట్టయింది? ఉప్పు వేయకుండా ఉంచితే ఏమయ్యేది? ఇంట్లో అమ్మ పక్కన కూర్చుని చూసిన పిల్లలు దీనికి బ్రహ్మాండంగా రాస్తారు, ద్రవాభిసరణ అనే మాట రాయకపోయినా సరే, గాఢత తక్కువున్న వైపు నుంచి ఎక్కువున్న వైపుకి నీరు పోయిందన్న సంగతి వాళ్ల మాటల్లో ఉంటే పూర్తి మార్కులు వేయండి. అదే మాట రాసి విషయం తిరగేసి చెప్పినవాడికి వేయొద్దు.

దోమల సంగతీ అంతే. డెంగీని మోసే ఏడిస్ దోమ జీవితచక్రం బొమ్మ గీయమంటే గీస్తారు. దాని బదులు, శుక్రవారం డ్రై డే అని వారానికోసారి తొట్టెలు, కూలర్లు ఖాళీ చేయమంటున్నారు కదా, నెలకోసారి చేస్తే ఎందుకు చాలదు అని అడగండి. గుడ్డు నుంచి రెక్కల దోమ రావడానికి వారం, పది రోజులు పడుతుందన్నది తెలిసి, దాన్ని ఇక్కడికి తెచ్చి వాడితేనే జవాబు వస్తుంది. చురుకైన పిల్లల కోసం ఇంకోటి: తొట్టెలో నీళ్లు పారబోస్తే సరిపోతుందా, గోడలు కూడా రుద్ది కడగాలా? ఏడిస్ గుడ్లు నీటి అంచున తొట్టె గోడకి అంటుకుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి బతికుండి మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. ఈ ముక్క ప్రశ్నలోనే ఇచ్చేయండి, దీంతో ఏం చేయాలో వాళ్లని తేల్చమనండి.

పదో తరగతికి అనువంశికత దగ్గర ఒక ప్రశ్న తప్పకుండా ఉండాలని నేను గట్టిగా అంటాను. పుట్టేది ఆడో మగో తేల్చే ఎక్స్ ఎక్స్, ఎక్స్ వై క్రోమోజోముల పట్టిక ప్రతివాడూ గీస్తాడు, నాలుగు గళ్లు నింపుతాడు, ఐదు మార్కులూ వస్తాయి. ఇప్పుడు ఇలా ఇవ్వండి: ఒకావిడకి వరసగా ముగ్గురు ఆడపిల్లలు, నా కోడలి కడుపున మగపిల్లాడు పుట్టడు అని అత్తగారు ఊరంతా చెబుతోంది. మామగారు మాత్రం ముగ్గురు ఆడపిల్లలయ్యారు కదా, ఈసారి ఖచ్చితంగా మగపిల్లాడే అంటున్నాడు. ఇద్దరికీ నువ్వేం చెబుతావు? అత్తగారికి జవాబు చాలామందే రాస్తారు, వై క్రోమోజోమ్ తండ్రి నుంచి వస్తుందని. మామగారి దగ్గర సగం క్లాసు ఆయన వైపే ఉంటుంది. ప్రతి కాన్పులోనూ అవకాశం మళ్లీ సగం సగమే అన్నది, ఆ నాలుగు గళ్ల పట్టిక ఒక్కో కాన్పుకి విడిగా వర్తిస్తుందన్నది వాళ్లకి తట్టలేదని అప్పుడు తెలుస్తుంది. ఇది మార్కుల కోసం అడిగే ప్రశ్న కాదు మేడమ్, ఆ క్లాసులో కూర్చున్న ఆడపిల్లలు కొన్నేళ్లలో ఈ మాటలు వినాల్సిన ఇళ్లకే వెళతారు, మగపిల్లలు ఆ ఇళ్లలోనే పెరుగుతున్నారు.

విసర్జనకి పట్టిక ఇచ్చి అడగడం మేలు. రక్తంలోని ప్లాస్మా, కిడ్నీలో వడపోత మొదలయ్యే బౌమన్ గుళికలోకి వడకట్టిన ద్రవం, మూత్రం అని మూడు గళ్లు గీయండి. ప్రొటీన్లు 100 మిల్లీలీటర్లకి ప్లాస్మాలో 7 గ్రాములు, మిగతా రెంటిలో దాదాపు సున్నా. గ్లూకోజు ప్లాస్మాలో 0.1, వడకట్టిన దాంట్లోనూ 0.1, మూత్రంలో సున్నా. యూరియా మొదటి రెంటిలో 0.03, మూత్రంలో 2. ప్రొటీను, గ్లూకోజు రెండూ మూత్రంలో లేవు, కానీ రెంటికీ కారణం ఒకటేనా? యూరియా అంత ఎందుకు పెరిగింది? ఒకతని మూత్రంలో గ్లూకోజు కనపడితే నీకు ఏం అనుమానం వస్తుంది? కిడ్నీలో ఈ వడపోత చేసే గొట్టం, అదే నెఫ్రాన్, బొమ్మ ఎంత అందంగా గీసినా ఈ మూడింట్లో ఒక్కటీ రాయలేని పిల్లలు ఉంటారు, బొమ్మ వంకరగా వేసి మూడూ రాసేవాళ్లూ ఉంటారు. రోజుకి దాదాపు 180 లీటర్లు వడకట్టి లీటరున్నర మూత్రమే బయటికి పోతుందన్న అంకె కూడా ఇస్తే మిగతాదంతా ఎక్కడికి పోయిందన్న ప్రశ్న వాళ్లకే వస్తుంది.

బొమ్మల గురించి కూడా చెప్పాలి. గుండె నిలువుకోత పటం గీసి భాగాలు గుర్తించండి అని ఎన్నేళ్లనుంచో అడుగుతున్నాం. పిల్లలు దాన్ని ముగ్గు నేర్చుకున్నట్టు నేర్చుకుంటారు, చెయ్యి అలవాటు పడిపోతుంది, ఏ గది దేనికో తెలియకపోయినా పటం వచ్చేస్తుంది. మీరే బొమ్మ గీసి ఇవ్వండి, అందులో రెండు బాణాలు కావాలని తప్పు దిక్కుకి పెట్టండి, ఒక కవాటం తీసేయండి, ఏవి తప్పో కనిపెట్టి అలా ఉంటే మనిషికి ఏమవుతుందో రాయమనండి.

వీలైతే ఒకరోజు మాంసం కొట్టు నుంచి మేక గుండె తెప్పించండి, పెద్దనాళాలు కోసేయకుండా ఇవ్వమని ముందే చెప్పాలి. పిల్లల్ని నలుగురేసి పిలిచి, చేతికి గ్లవుజు ఇచ్చి, ఏమీ చెప్పకుండా ఇందులో ఎడమవైపు ఏది, నీకెలా తెలిసింది అని అడగండి. పుస్తకం బొమ్మలో ఎడమ జఠరిక మనకి కుడివైపు కనిపిస్తుంది కాబట్టి కొంతమంది అక్కడే పడిపోతారు. కొంతమంది బొటనవేలితో రెండువైపులా నొక్కి చూస్తారు, ఒకవైపు మెత్తగా లోపలికి పోతుంది, రెండోవైపు గట్టిగా దిమ్మలా ఉంటుంది. ఇదే ఎడమ అని ఒకడు అంటాడు. ఎందుకు దళసరి అంటే ఒళ్లంతా పంపాలి కదా, అటువైపుది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకే పంపుతుంది అంటాడు. కోసి చూపిస్తే గోడ మందం తేడా, కవాటాల్ని పట్టి ఉంచే తెల్లని దారాల్లాంటివి కనిపిస్తాయి. అలా వేలితో నొక్కి చూసి చెప్పిన పిల్లవాడు వారం ముందు స్లిప్ టెస్టులో గుండె పాఠానికి సగం మార్కులు కూడా తెచ్చుకోనివాడే కావచ్చు, నేను చాలాసార్లు చూశాను. మాంసం ముట్టని ఇళ్ల పిల్లలుంటే బలవంతం చేయకండి, వాళ్లకి బొమ్మ మీదే అడగండి, మార్కు తగ్గించొద్దు.

ప్రయోగాల విషయంలో, ప్రయోగం వర్ణించండి అని అడిగే బదులు ప్రయోగం చెడగొట్టి ఇవ్వండి. రమేష్ కుండీలో మొక్కని చీకట్లో ఉంచకుండానే ఆకుకి నల్లకాగితం అంటించి కొన్ని గంటలు ఎండలో పెట్టాడు, ఆకుని స్పిరిట్‌లో మరిగించి అయోడిన్ వేస్తే కాగితం కింద భాగం కూడా నీలి నలుపు అయింది. కాంతి లేకుండానే పిండిపదార్థం తయారవుతుందని రమేష్ రాశాడు. ఒప్పుకుంటావా? ఆకులో ముందే ఉన్న పిండిపదార్థం అయిపోవడానికే రెండు రోజులు చీకట్లో ఉంచుతారని తెలిసినవాడు వెంటనే పట్టుకుంటాడు, వరస మాత్రమే గుర్తున్నవాడు పట్టుకోలేడు.

గబ్బిలం, తిమింగలం, సాలీడు, పుట్టగొడుగు ఏ గుంపువి, డాక్టరు రాసిన యాంటీబయోటిక్ సగంలో ఎందుకు ఆపకూడదు, జలుబుకి అదెందుకు పనిచేయదు ఇలాంటివి నాలుగైదు చిన్న ప్రశ్నలుగా వేసేయండి, వాటి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు.

ఇక పేపర్ సైజు. ఒక పీరియడ్ 45 నిమిషాలనుకుంటే 40 బిట్లు పెట్టొద్దు, పిల్లలు చదవకుండా టిక్కులు కొడతారు. ఎనిమిది రెండంచెల ప్రశ్నలు, మామూలు బిట్లు పది, మూడు నాలుగు లైన్లలో రాసేవి మూడు, పట్టిక గానీ తప్పుల బొమ్మ గానీ ఒకటి, ఇంతే. మొత్తం సిలబస్ ఒకే పేపర్లో పట్టదు, రెండు పీరియడ్లకి విడగొట్టండి, మొదటిది మొక్కలు, కణం, రెండోది మానవ శరీరం, ఆరోగ్యం, పర్యావరణం. ముఖ్యమైన ప్రతి భావనకీ రెండు ప్రశ్నలుండాలి, వేర్వేరు చోట, వేర్వేరు వేషాల్లో, ఎందుకంటే ఒక్క ప్రశ్న తప్పితే అది తెలియక తప్పిందో తొందరలో తప్పిందో చెప్పలేం. బిట్లలో పైవన్నీ అనే ఆప్షన్ వద్దు, కానిది ఏది అని అడిగితే కానిది కింద గీత గీయండి, సరైన ఆప్షన్ మిగతావాటికన్నా పొడుగ్గా ఉండకుండా చూసుకోండి, పిల్లలు దాన్ని చాలా త్వరగా కనిపెడతారు. పక్కవాడిది చూసి రాయకుండా ప్రశ్నల వరస మార్చి ఏ సెట్, బీ సెట్ చేయండి. ప్రతి బిట్టు పక్కన చిన్న గడి పెట్టి ఖచ్చితంగా తెలుసు, అనుమానంగా ఉంది, ఊహించాను అని మూడింట్లో ఒకటి రాయమనండి. ఖచ్చితంగా తెలుసు అని రాసి తప్పు పెట్టిన ప్రశ్నలే మీకు అన్నిటికన్నా ముఖ్యం, తెలియనివాడికి చెప్పడం తేలిక, తప్పుగా తెలిసినవాడితోనే అసలు పని.

భాష సంగతి మర్చిపోకండి. మీది ఇంగ్లిష్ మీడియం సెక్షన్ అయితే ప్రశ్న అర్థం కాక తప్పు రాసేవాళ్లు చాలామంది ఉంటారు, అప్పుడు మీరు పరీక్షించింది ఇంగ్లిష్ అవుతుంది. ద్విభాషా పుస్తకాల్లో ఉన్నట్టే ప్రశ్నని రెండు భాషల్లో ఇవ్వండి, జవాబు ఏ భాషలో రాసినా, కలిపి రాసినా ఒప్పుకోండి. ఇద్దరు ముగ్గురు రాయడమే రానివాళ్లు ప్రతి క్లాసులో ఉంటారు, వాళ్లని మధ్యాహ్నం భోజనాల తర్వాత పిలిచి అవే ప్రశ్నలు నోటితో అడగండి.

పేపర్ ఇవ్వకముందే కీ రాసుకోండి, అందులో ఏయే మాటలకి మార్కు అని కాకుండా ఏయే విషయాలు జవాబులో ఉండాలి అని రాసుకోండి. దిద్దేటప్పుడు పేపర్ తర్వాత పేపర్ దిద్దకుండా, అందరివీ ఒకటో ప్రశ్న, తర్వాత అందరివీ రెండో ప్రశ్న అలా దిద్దితే మీ కొలత మారకుండా ఉంటుంది, పైగా ఒకే తప్పు పదిమంది రాస్తే కళ్లకి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

దిద్దాక ఒక లెక్క వేయండి, బీఈడీలో చదివే ఉంటారు, పరీక్ష అయ్యాక అందరం మర్చిపోతాం. క్లాసులో 40 మంది అనుకోండి. మొత్తం మార్కుల ప్రకారం పైనున్న 11 మందినీ కిందున్న 11 మందినీ తీసుకోండి, అంటే నూటికి 27 మంది చొప్పున. ఒక ప్రశ్నకి పైవాళ్లలో 9 మంది, కిందివాళ్లలో 3 మంది సరిగ్గా రాశారంటే తేడా 6, దాన్ని 11తో భాగిస్తే 0.55, మంచి ప్రశ్న, తెలిసినవాణ్ణీ తెలియనివాణ్ణీ విడదీస్తోంది. ఇలా భాగిస్తే వచ్చే అంకె 0.2 కూడా లేకపోతే ఆ ప్రశ్నని మళ్లీ చదవండి, మాటల్లో తిరకాసు ఉండొచ్చు. తేడా మైనస్‌లోకి పోతే, అంటే బాగా వచ్చినవాళ్లు తప్పు రాసి రానివాళ్లు ఒప్పు రాస్తే, దాదాపు ఎప్పుడూ కీ తప్పయినా అయి ఉంటుంది, ప్రశ్నలో రెండు సరైన జవాబులైనా ఉంటాయి. అందరూ ఒప్పు రాసిన ప్రశ్నలూ ఒకటి రెండు ఉండనివ్వండి, మొదట్లోనే అవి వస్తే పిల్లలకి టెన్షన్ తగ్గుతుంది. ఇది చేయడానికి ఒక సాయంత్రం పడుతుంది, అలా నిలిచిన ప్రశ్నల్ని ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకుంటే మూడు నాలుగేళ్లలో మీ దగ్గర ఏ క్వశ్చన్ బ్యాంకులోనూ లేని ప్రశ్నలు పోగవుతాయి.

ఈ మార్కులు రిజిస్టర్లో ఎక్కించకండి, ఎఫ్‌ఏకి (ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌కి) కలపకండి, ఈ సంగతి పిల్లలకి ముందురోజే చెప్పండి. మార్కు పోతుందన్న భయం ఉంటే వాళ్లు తాము అనుకుంటున్నది రాయరు, మీరు ఏం రాస్తే సంతోషిస్తారో అది రాస్తారు, పరీక్ష పెట్టి లాభం ఉండదు. హెచ్‌ఎం గారు మార్కులేవి అని అడిగితే ఏ ప్రశ్నకి ఎంతమంది ఏ తప్పు రాశారో ఒక కాగితం మీద వేసి చూపించండి, నాకు తెలిసి ఎవరూ కాదనరు.

పేపర్లు తిరిగి ఇచ్చేటప్పుడు పేర్లు చెప్పకుండా ఒక్కో తప్పు జవాబుని బోర్డు మీద రాసి, ఇది నిజమైతే ఇంకేం జరగాలి అని క్లాసునే అడగండి. చెట్టు బరువు మట్టి నుంచే వస్తే మర్రిచెట్టు చుట్టూ పెద్ద గొయ్యి పడాలి కదా మేడమ్ అని ఎవరో ఒకరు అంటారు, మీరు చెప్పడం కన్నా ఆ పిల్ల చెప్పడం వాళ్లకి బాగా ఎక్కుతుంది. మళ్లీ మూడు నాలుగు వారాలు ఆగి, ముందు చెప్పకుండా, అవే భావనల మీద ఇంకో వేషంలో ఐదు ప్రశ్నలు ఇవ్వండి. చింతచెట్టు బదులు కొబ్బరిచెట్టు, మాగాయ బదులు ఉప్పు చల్లిన కీరా ముక్కలు, మేక గుండె బదులు కవాటం కారుతున్న పేషెంటు. బడి తెరిచాక రెండో వారంలో మొదటి పరీక్ష పెడితే ఈ రెండోది మొదటి ఎఫ్‌ఏ కన్నా ముందే అయిపోతుంది. రెండోసారి కూడా ఖచ్చితంగా తెలుసు అని రాసి అదే తప్పు రాసినవాళ్ల పేర్లు రాసుకుని, ఆ పాఠం మొదలుపెట్టే రోజు వాళ్లనే ముందు మాట్లాడించండి.